గంజి పెట్టిన తోలట్ట

నా చేత్తో వెయ్యి పుస్తకాలకు తోలు అట్టలు వేశానని మా మీర్‌పేట్ కాలనీలో తెలియనివాళ్లు లేరు. పొద్దున పార్కులో నడిచేవాళ్లకు చెప్పాను. పాల ప్యాకెట్లు వేసే అతనికి చెప్పాను. గ్యాస్ బండ భుజాన పెట్టుకొచ్చిన మనిషిని బండ దించనీయకుండానే నిలబెట్టి చెప్పాను. ఒక జడ్జిగారి డైరీకి నేనే అట్ట వేశాననీ, ఒక నవాబు తన ఖాందాన్ పుస్తకానికి నేను వేసిన అట్ట చూసి నా వేళ్లు పట్టుకుని కళ్లకద్దుకున్నాడనీ చెప్పాను. నోటితో చెప్పేటప్పుడు ఇవన్నీ బాగానే ఉంటాయి. కాగితం మీద పెట్టబోతే చెయ్యి ఆగుతుంది. కాబట్టి అసలు లెక్క చెప్పేస్తాను. నేను వేసిన తోలు అట్టలు తొమ్మిది. జడ్జిగారు కాదు, జడ్జిగారి ఇంట్లో వంట చేసే ఆయన, అదీ రామకోటి రాసుకునే పుస్తకానికి. నవాబును నేను బతుకులో చూడలేదు. తొమ్మిదింటిలో ఎనిమిదింటి గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. మిగిలిన ఒక్కటి, అన్నిటికంటే మొదటిది, దాని గురించే ఇన్నేళ్లూ నోరు మెదపలేదు. భయం. ఆ ఒక్కటి దాచడానికే మిగతా తొమ్మిది వందల తొంభై ఒకటి కల్పించానని ఇప్పుడు అనిపిస్తోంది.

దీన్ని గీతలు లేని తెల్ల కాగితం మీద, లావు నల్ల స్కెచ్చు పెన్నుతో, పేజీకి పది వరుసలు మించకుండా రాస్తున్నాను. ఎందుకో చివర్లో చెప్తాను.

నా మనవరాలు మౌనిక దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగుకు పోతుంది. చదువు ఎంత చదువుతుందో గాని, మిగిలిన టైములో ఫోన్ చూసి నేర్చుకుని నోటుబుక్కులకు తోలు అట్టలు కుడుతుంది. ఆ పిల్ల గది ముందు నుంచి పోతుంటే మేకతోలు, మైనం కలిసిన వాసన వచ్చి నేను ఒక్కసారి పందొమ్మిదేళ్ల కుర్రాణ్నైపోతాను. బడంగ్‌పేట్‌లో మా అన్న, అంటే మా పెద్దనాయిన కొడుకు, పాత ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటుకు ఇచ్చాడు. సామాన్లు దించడానికి సాయం పోయిన మౌనిక అటక మీది ఇనుప పెట్టెలోంచి ఒక పుస్తకం తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. చూడకముందే తెలిసింది నాకు. బొటనవేలు మూల మీద పడింది. మూల మడత దగ్గర తోలు కొంచెం మందంగా ఉంది. గీకడం చేతకానివాడు మడిచిన మూల అది.

"తాతా, ఇది నువ్వు చేసిందే అంట గద? పెద్ద తాత చెప్పిండు. ఒరిజినల్ మేకతోలు! కుట్టు ఎంత సాఫ్ ఉన్నదో!"

"మరేమనుకున్నవ్? గా రోజులల్ల నా చెయ్యి పడ్డదంటే..." అని మొదలుపెట్టాను అలవాటు చొప్పున.

"అది సరే గని, ముందల రెండు కాగితాలు అతుక్కున్నయ్. మధ్యల ఏదో డిజైన్ ఉన్నట్టుంది. ఆవిరి పట్టి ఇడదీస్తా. నాకొస్తది."

"ముట్టకు!" అని అరిచాను. చేతిలో టీ లుంగీ మీద పడింది. ఆ పిల్ల నేను కోప్పడ్డాననుకుంది. నిజానికి అది కోపం కాదు.

అప్పట్లో మేము దిల్‌సుఖ్‌నగర్‌లో, మెయిన్ రోడ్డుకు వెనక, రెండు గదులు, ఒక వరండా ఉన్న కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. పోచంపల్లి దగ్గరి మా ఊరి నుంచి పెద్దనాయిన మగ్గంతో సహా వచ్చేశాడు, కొనేవాళ్లకు దగ్గరగా ఉంటే మధ్యలో మనుషులు ఉండరని. పట్నంలో చదువుకుంటానని నేనూ వెంట వచ్చాను. ఇంటర్ రెండుసార్లు తప్పాను. ఎల్బీనగర్ చౌరస్తా దాటితే చేన్లే ఆ రోజుల్లో. బస్సులో చివరి స్టాపు దాకా పోయినవాడు తిరిగి రావడానికి ఇంకో బస్సు కోసం గంట నిలబడేవాడు. ముందు గదిలో నేల తవ్వి మగ్గం గుంట. వరండాలో నాయనమ్మ మంచం. ఇల్లంతా గంజి వాసన, రంగుల కుండల ఘాటు, సైకిల్ ట్యూబుల వాసన. ట్యూబులు ఎందుకంటారా? మాది చిటికి పని. దారానికి రంగు అంటకూడని చోటల్లా లెక్క ప్రకారం రబ్బరు పట్టీ కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టి, ఇంకో రంగులో ముంచితే, నేసేటప్పుడు చీరలో బొమ్మ దానంతటదే లేస్తుంది. ఆ పట్టీలు పాత సైకిల్ ట్యూబుల నుంచి సన్నగా కొయ్యాలి. మా ఇంట్లో ఆ పని నాది. గడ్డిపోచంత పట్టీ, మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పు. బ్లేడు పట్టడం ఒక్కటే నాకు వచ్చిన విద్య.

పెద్దనాయిన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మగ్గంలో కూర్చుంటే కాళ్లు, చేతులు తప్ప మనిషి కదిలేవాడు కాదు. పెద్దమ్మ దారం చుట్టేది, చిటికి కట్టేది. ఆమె వేళ్లు చూస్తుంటే కళ్లు తిరిగేవి. ఆమెకు ఒక అలవాటు ఉండేది. పెద్దనాయినకు చాయ్ ఇచ్చేటప్పుడు చేతికి ఇచ్చేది కాదు. ఆయన కుడి మోకాలి పక్కన గచ్చు మీద సత్తు గ్లాసు 'టక్'మని పెట్టేది. నీళ్లైనా అంతే, అన్నం పళ్లెమైనా అంతే. టక్. ఇద్దరి మధ్యా ఏదో పాత కోపం ఉందని నేను నమ్మేవాణ్ని. ఏం కోపమో కనిపెట్టాలని చాటుగా వినేవాణ్ని కూడా. ఏమీ వినపడేది కాదు.

మగ్గం పక్కన గోడ గూట్లో, పసుపు బట్టలో చుట్టి, ఒక పుస్తకం ఉండేది. గళ్ల కాగితాల మీద మా తాత గీసిన డిజైన్లు. ఒక్కో గడికి ఎన్ని పోగులు, ఎక్కడ కట్టాలి, ఎక్కడ విడవాలి, ఎర్ర సిరాతో, నీలం సిరాతో. మొదటి రెండు కాగితాల లోపలి వైపు కొంగు చిలక. ఆ తర్వాతి పేజీ నుంచి బాతుల అంచు. కొంగు చిలక మా ఇంటిది. ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు, నకలు కూడా లేదు. అమావాస్య నాడు మగ్గం ఆపి పూజ చేసినప్పుడు ఆ పుస్తకానికి కూడా బొట్టు పెట్టేవాళ్లు. దాని అట్ట ఎప్పుడో ఊడిపోయింది. చివరలు ఎలకలు కొరికినట్టు చిరిగాయి.

ఇంటర్ రెండోసారి పోయాక నన్ను పుస్తకాల షాపులో పనికి పెట్టారు. ఇంట్లో అదే తెలుసు. అబద్ధం కాదు కూడా. బస్టాపు దగ్గర రేకుల కొట్టులో ఖాదర్ సాబు స్కూలు రిజిస్టర్లు కుట్టేవాడు, పాత పుస్తకాలకు అట్టలు వేసేవాడు. అతని అసలు పనితనం తోలు అట్టల్లో ఉంది. ఎవరో ప్రత్యేకంగా వచ్చి అడిగితే తప్ప చేసేవాడు కాదు. నేను పట్టీలు కోసే తీరు చూసి, "నీ చేతుల బ్లేడు నిలుస్తది బేటా, కూసో" అన్నాడు. ఇంట్లో తోలు మాట చెప్పే ధైర్యం నాకెక్కడిది? చెప్పులు వీధి గుమ్మం బయటే విడవాలి. తోలు బెల్టు పెట్టుకొచ్చిన చుట్టాన్ని కూడా నాయనమ్మ మగ్గం గదిలోకి రానిచ్చేది కాదు. అంటుముట్టు అని ఒక పేరు పెట్టుకుని, తోలు పని చేసి బతికే మనుషులను గుమ్మం బయటే నిలబెట్టిన ఇల్లు మాది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం సిగ్గు కాదు, నాయనమ్మ ముక్కంటే హడలు. ఇంటికి వచ్చే ముందు మునిసిపల్ నల్లా కింద కుంకుడుకాయతో మోచేతుల దాకా రుద్దుకునేవాణ్ని. అయినా వీధి కుక్క ఒకటి రోజూ నా వేళ్ల వాసన చూస్తూ గుమ్మం దాకా వచ్చేది. "ఈ కుక్క నీ ఎంటెందుకు పడ్డదిరా?" అని నాయనమ్మ అడిగిన ప్రతిసారీ దాన్ని రాయి చూపించి తరిమేవాణ్ని.

ఖాదర్ సాబు కొట్టులో భయం ఇంకో తీరుది. పాలరాతి పలక మీద తోలును తిరగేసి పరిచి, వంపు కత్తితో అంచులను లోపలి నుంచి గీకి పలచన చెయ్యాలి. మడిచినప్పుడు ఎత్తు తెలియకూడదు. ఒక్క పిసరు ఎక్కువ గీకితే కత్తి అవతలికి తేలుతుంది. "చిరిగితే ఏమైతది సాబ్?" అని ఒకసారి అడిగాను. "ఏం గాదు. గా మేకను మళ్ల పుట్టమని చెప్పు" అన్నాడు. మొదటి ముక్కను నేను బట్ట కోసినట్టే నిలువు, అడ్డం చూసి కోశాను. పెట్టె కింద పెడితే తెల్లారేసరికి ఒక పక్కకు సాగిపోయి, పుస్తకానికి వదులు చొక్కా తొడిగినట్టు నిలబడింది. అతను నవ్వలేదు. "బట్టకు పోగుంటది, నువ్వు పోగు జూసి కోస్తవ్. తోలుకు పోగు లేదు. నడుముంటది, కడుపుంటది. కడుపు దిక్కుది సాగుతది. ముందు అది మేక అని యాద్ పెట్టుకో, తర్వాత కొయ్యి" అన్నాడు. ఆరెతో రంధ్రాలు పొడవడం, మైనం పట్టించిన దారంతో కుట్టడం నేర్పాడు. అంటించడం మాత్రం నేర్పలేదు. లై తానే ఉడికించేవాడు. మైదా చిక్కగా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, నీళ్లు వీలైనంత ఇగరబెట్టి, వేలితో పలచటి పొర పూసేవాడు. "నీళ్లు పుస్తకానికి దుష్మన్" అనేవాడు.

అప్పుడే కర్మన్‌ఘాట్ దిక్కు ఒక పటేలు ఇంటి నుంచి పెండ్లిచీర ఆర్డరు వచ్చింది. కొంగుకు మా తాత చిలకలే కావాలన్నారు. చీర ఒడలు, అంటే కొంగు తప్ప మిగతాది, నేత అయిపోవచ్చింది. అమావాస్య సోమవారం. మంగళవారం కొంగు చిటికి కట్టడం మొదలు. పెద్దనాయిన పుస్తకం చూసి లెక్క చదవాలి, పెద్దమ్మ కట్టాలి. అంతలో నాకొక ఆలోచన పుట్టింది. అమావాస్య పూజకు ఆ చింపిరి పుస్తకం కొత్త అట్టతో మెరిసిపోతుంటే? ఇంటర్ తప్పినవాడు అన్న మాట ఇంట్లో ఇంక వినబడదు కదా? నా ప్రేమ పుస్తకం మీద కాదు, నా మీదే. తోలని చెప్పను, రెక్సిన్ అంటాను. ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద వరుసగా కొట్లలో రెక్సిన్ అట్టలను ఒరిజినల్ లెదర్ అని అమ్ముతున్నారు. నేను ఒరిజినల్ తోలును రెక్సిన్ అని చెప్పి ఇంట్లోకి తేవాలనుకున్నాను. కాలం తోలును తిరగేసినట్టు తిరగేసింది.

శుక్రవారం పొద్దున పుస్తకాన్ని ఎవరూ చూడకుండా గూట్లోంచి తీసి కొట్టుకు తెచ్చాను. మధ్యాహ్నం ఖాదర్ సాబు నమాజుకు పోయాడు. పోతూ, "నేనొచ్చి లై ఉడకబెడ్త. అప్పటిదాంక పుస్తకం ముట్టకు" అన్నాడు. నేను వింటానా? గంజి గురించి నాకు ఇంకొకరు చెప్పాలా? పుట్టాక పాల వాసన కంటే ముందు గంజి వాసన చూసినవాణ్ని. పడుగుకు పెట్టగా మిగిలిన గంజిని టిఫిన్ గిన్నెలో పోసుకుని పొద్దున్నే తెచ్చుకున్నాను. మా ఇంట్లో గంజి పలచగా, పోగు లోపలి దాకా ఇంకేలా కాస్తారు. అది దారానికి మంచిది. నేను దాన్ని అట్ట ముక్కల మీద కుంచెతో ధారాళంగా కొట్టాను, తోలు మీద కొట్టాను, లోపలి కాగితానికీ కొట్టాను. మూలలు మడిచాను. పైన బరువు రాయి పెట్టాను. బయట నిలబడి బీడీ కూడా తాగాను, పెద్ద పనివాడిలా.

ఖాదర్ సాబు వచ్చి రాయి తీశాడు. అట్ట బావుంది. నిజంగానే బావుంది. పుస్తకం పక్క నుంచి మాత్రం ఎర్రగా, నీలంగా ఒక చార కారి పలక మీద గడ్డకడుతోంది. అతను గిన్నె వాసన చూశాడు.

"ఇదేంది? గంజా?"

నేను గిన్నె మీద మూత పెట్టాను.

"అరె పాగల్, గంజి దారం తాగుతది. కాగితం గూడ తాగుతదిరా!"

మొదటి కాగితం, రెండో కాగితం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నడిమిట్ల కొంగు చిలక. నేను గోటితో విడదియ్యబోతే నా చెయ్యి మీద కొట్టాడు. "తడి మీద తీస్తే రెండూ పోతయ్. ఆరనియ్యి. ఆరినంక ఆవిరి పట్టి చూద్దాం, అల్లా దయ." ఎన్ని రోజులు ఆరాలి అంటే, పది రోజులన్నాడు. నాకున్నవి నాలుగు.

ఆ నాలుగు రోజులు నేను ఎట్లా బతికానో చెప్పాలంటే మాటలు పెంచి చెప్పాల్సిన పని లేదు. పుస్తకాన్ని పసుపు బట్టలో చుట్టి గూట్లో పెట్టాను. ఎవరు గూటి వైపు నడిచినా నాకు దగ్గు వచ్చేది. పట్టీలు వంకరగా తెగాయి. శనివారం నాయనమ్మ వరండాలోంచి, "ఇంట్ల ఏదో సచ్చిన వాసనొస్తుందే కోడలా, ఎలకేమో జూడు" అంది. పెద్దమ్మ మగ్గం గుంటలో, బియ్యం కుండల వెనక అంతా వెతికింది. ఎలక దొరకలేదు. దొరికితే బావుండునని ఎలక కోసం మొక్కుకున్నాను.

సోమవారం పూజ. "పుస్తకానికి రెక్సిన్ ఏపిచ్చిన" అన్నాను. నాయనమ్మ దూరం నుంచి చూసి మెచ్చుకుంది. "మంచి పని చేసినవ్ బిడ్డ" అంది. పెద్దనాయిన రెండు చేతులతో తీసుకుని, అట్ట మీద అరచెయ్యి ఆడించి, ముఖం దగ్గరకు పెట్టుకుని కళ్లకద్దుకున్నాడు. కొంచెం ఎక్కువసేపే అద్దుకున్నాడు.

మంగళవారం పొద్దున పెద్దమ్మ దారం బిగించి కూర్చుంది. నేను పట్టీలు అందించడానికి ఆమె పక్కన. పెద్దనాయిన పుస్తకం తెరిచాడు. ఇప్పుడు చూస్తాడు, ఇప్పుడు అరుస్తాడు. తెరిచిన పుస్తకం ఆయనకూ నాకూ మధ్య ఉంది, పెద్దమ్మకు కనపడదు. అతుక్కున్న రెండు కాగితాలూ ఒక్కటై తిరిగాయి. ఆయన ముందు ఉన్నది బాతుల అంచు. బాతుల మీద వేలు పెట్టి, ఒక్కో వరుస కిందికి జరుపుతూ, ఆయన చదవడం మొదలుపెట్టాడు.

"మూడు కట్టు, రెండు ఇడువు. మూడు కట్టు, రెండు ఇడువు. ఒకటి కట్టు, నాలుగు ఇడువు..."

అది చిలక ముక్కు లెక్క, నేను అంతకుముందు విన్నదే. బాతులను చూస్తూ చిలకను చదువుతున్నాడు. నాకు అర్థం కావడానికి ఇంకో నాలుగు వరుసలు పట్టింది. మగ్గంలో కూర్చునే ఈ మనిషికి కళ్లు కనిపించడం లేదు. ఎన్నాళ్ల నుంచో. పోగు తెగితే వేలితో వెతికి ముడేస్తున్నాడు. ఇల్లు గడిచేది ఆ చేతుల మీద. బయటికి తెలిస్తే ఒక్కరు ఆర్డరు ఇవ్వరు. నా తప్పు బయటపడలేదని సంతోషపడాలో, అంతకంటే పెద్దది బయటపడిందని ఏడవాలో తెలియక పట్టీలు అందిస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఆయన నన్ను సరూర్‌నగర్ చెరువు గట్టు మీదికి నడిపించుకుపోయాడు. నా భుజం పట్టుకునే నడిచాడు. ప్రేమ అనుకునేవాణ్ని అంతకుముందు.

"పుస్తకానికి ఏం ఏసినవ్ రా?"

"రెక్సిన్, పెద్దనాయినా."

"మేక. కండ్లు పోయినయ్ గని ముక్కు పోలే నాకు. లోపట ఏమైంది? ముందల కాగితం మందంగ తగుల్తుంది."

అంతా చెప్పాను. ఖాదర్ సాబు, గంజి, నాలుగు రోజులు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. నీళ్ల వైపు ముఖం పెట్టుకుని, "నీ తోలు సంగతి నేను చెప్ప. నా కండ్ల సంగతి నువ్వు చెప్పకు. మీ పెద్దమ్మకు గూడ" అన్నాడు. ఆ చెయ్యి నా భుజాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇంట్లో అందరికీ భయం పెట్టే మనిషి నాకు భయపడుతున్నాడు. అంతకంటే భయంకరమైనది నేను చూడలేదు.

కొంగు నేతకు వచ్చింది. చిలకలు లేచాయి. ముక్కు వచ్చింది, రెక్క వచ్చింది, తోక వచ్చింది. మెడ రాలేదు. తలకు, ఒంటికి మధ్య రెండు గళ్లు ఖాళీ. వరుసగా ఏడు చిలకలు, ఏడింటికీ మెడ విరిగింది. చూడటానికి వచ్చిన పటేలు భార్య, "గిదేంది, చిలకకు ఎవలన్న ఉరేసిండ్రా? పెండ్లిచీర మీద గిట్లుంటదా?" అంది. నాయనమ్మ మంచం దిగి వచ్చి, కొంగు పట్టుకుని చూసి, పెద్దమ్మ వైపు తిరిగింది.

"నలభై ఏండ్ల చెయ్యి. గిట్ల తప్పిందేందే?"

పెద్దమ్మ పెద్దనాయిన వైపు చూసింది. పెద్దనాయిన పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను ఇన్నేళ్లూ ఈ కథలో ఇక్కడ 'తప్పు నాది' అని లేచి నిలబడ్డానని చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒకరిద్దరికి చెప్పాను కూడా. లేవలేదు. ట్యూబు ముక్కను వేళ్లకు చుట్టుకుంటూ కూర్చున్నాను.

"నా చెయ్యే తప్పింది అత్తమ్మా" అంది పెద్దమ్మ.

కొంగు దారం మళ్లీ చుట్టి, మళ్లీ కట్టారు. ఈసారి కూడా పెద్దనాయినే చదివాడు, అదే లెక్క. మెడ దగ్గరికి వచ్చేసరికి, "రెండు కట్టు, మూడు ఇడువు" అన్నాడు. పెద్దమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆమె వేళ్లు ఆయన చెప్పినట్టు కట్టలేదు. నేను చూశాను. చిలకలకు మెడ వచ్చింది. చీర పెండ్లికి అందింది. కానీ ఆ తర్వాత ఏ కొంగుకూ నాయనమ్మ ఆమెను చిటికికి కూర్చోనీయలేదు. ఊరి నుంచి చిన్న కోడలిని, మా చిన్నమ్మను, పిలిపించారు. పెద్దమ్మ దారం చుట్టుకుంటూ మిగతా బతుకు గడిపింది. చుట్టాల్లో ఎవరి పని చెడినా 'ఆమె చిలక మెడ లెక్క' అని నవ్వేవాళ్లు. ఆమె కొడుకు, మా అన్న కూడా నవ్వేవాడు. పది రోజులయ్యాక ఖాదర్ సాబు ఆవిరి పడతానని పుస్తకం అడిగాడు. వద్దన్నాను. అట్ట మాత్రం ఊడదీసి మళ్లీ లైతో అంటించమన్నాను. ఆ రెండు కాగితాలు తెరిస్తే మెడ దగ్గర ఎన్ని కట్టాలో తెలుస్తుంది. తెలిస్తే ఎవరి తప్పో తెలుస్తుంది. తెలిస్తే నోరు తెరవాలి. అతుక్కునే ఉండనిచ్చాను.

నిన్న మౌనిక కెటిల్‌లో నీళ్లు మరిగించింది. నేను వద్దన్నాను, మళ్లీ వద్దన్నాను, మూడోసారి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. ఆవిరికి పాత గంజి వాసన లేచింది. మా వరండా, ట్యూబులు, నాయనమ్మ మంచం అన్నీ ఆ వాసనలో ఉన్నాయి. అట్టల పనికి వాడే పలచటి ఎముక ముక్కను కాగితాల మధ్యకు దూర్చి, అంగుళం అంగుళం జరుపుతూ పోయింది ఆ పిల్ల. నాకంటే మంచి చెయ్యి. "వచ్చింది తాతా! సిరా కారిపోయింది గని, కింద పెన్సిల్‌తో రాసింది అట్లనే ఉన్నది. ఇగో, నువ్వే చూడు."

ఒళ్లో పెట్టింది. వంగాను. బూడిద రంగు. దాని మీద ఇంకొంచెం ముదురు బూడిద రంగు. ఆరు నెలలుగా అంతే. లావు నల్ల పెన్నుతో పెద్దగా రాస్తే తప్ప నా అక్షరం నాకే కనపడదు. పార్కులో అడుగులు లెక్కపెట్టుకుని నడుస్తున్నాను. పేపరు పట్టుకుని, టీవీలో విన్న వార్తలే ఇంట్లోవాళ్లకు చదివి వినిపిస్తున్నాను. దవాఖానకు పోతే ఏం చెప్తారోనని పోవడం లేదు, కొడుకుకు చెప్పలేదు. వేలు కాగితం మీద పెట్టాను. నోరు దానంతటదే మొదలుపెట్టింది. "మూడు కట్టు, రెండు ఇడువు. మూడు కట్టు, రెండు ఇడువు..." మెడ దాకా వచ్చి ఆగిపోయాను.

అప్పుడు నా కుడి మోకాలి పక్కన, బల్ల మీద, టీ గ్లాసు పెట్టిన చప్పుడు.

టక్.

ఎన్ని రోజులుగా ఇట్లా పెడుతోందో ఈ పిల్ల, నేనే వినలేదు. మా పెద్దమ్మది కోపం కాదని యాభై ఏళ్ల తర్వాత, ఆ ఒక్క చప్పుడుతో తెలిసింది. ఆయన కళ్ల సంగతి ఆమెకు ముందు నుంచీ తెలుసు. తెలిసే 'నా చెయ్యే తప్పింది' అన్నది. ఆయన దాచాడు, నేను దాచాను, మేమిద్దరం దాచినదాన్ని ఆమె మోసింది.

"ఎప్పటిసంది తెల్సు నీకు?"

"దసర కాన్నుంచి."

"మీ నాయినకు చెప్పినవా?"

"చెప్పలే. నువ్వే చెప్తవని చూస్తున్న" అంది. నా తప్పు ఈ పిల్ల కూడా మోస్తోంది.

"మెడ దగ్గర వరుస చదువు" అన్నాను.

ఆ పిల్ల వేలితో గళ్లు లెక్కపెట్టింది. "నాలుగు కట్టు, ఒకటి ఇడువు."

"మళ్ల చదువు."

"నాలుగు కట్టు, ఒకటి ఇడువు తాతా."

రెండోసారి పెద్దమ్మ వేళ్లు కట్టింది అదే. పుస్తకం చూడకుండా.

మీ నాయిన రానియ్యి, కండ్ల సంగతి నేనే చెప్తా అన్నాను. దానికంటే ముందు బడంగ్‌పేట్‌కు ఫోన్ కలపమన్నాను. మా అన్నకు ఎనభై దగ్గరికొచ్చాయి. ఇన్ని మాటలు రాసే నాకు, ఫోన్ మోగుతుంటే, ఆ వరండాలో పటేలు భార్య ముందు కూర్చున్నప్పటి దడే పట్టుకుంది. పెట్టెయ్యమని చెప్దామనుకున్నాను. మౌనిక చెయ్యి నా చేతి మీద ఉంది, తియ్యలేదు.

"ఏంది తమ్మీ, గింత పొద్దుగాల?" అన్నాడు అన్న.

"అన్నా" అన్నాను. "పెద్దమ్మ చెయ్యి తప్పలే."